'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' కలిసి మళ్లీ చదవాలంటే: తారీఖుల లెక్కా, వారాల లెక్కా?

ఎండలు కాస్త తగ్గి బడులు తెరిచే వేళకి విజయవాడ, గుంటూరు అభిమానుల్లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న తెస్తూనే ఉంటారు. "ఈసారి అందరం కలిసి మళ్లీ చదువుదాం. తారీఖుల ప్రకారమా, వారానికి ఇన్ని అధ్యాయాలనా?" ఎవరి వీలును బట్టి వాళ్లు చదివేసి చివర్లో కలుసుకోవడం అనే మూడో దారి కూడా ఉంది. ఇది టోల్కీన్ రాసిన నవల: మూడు సంపుటాలు, ఒక్కో సంపుటంలో రెండేసి 'పుస్తకాలు'. ఫ్రోడో అనే హాబిట్ (పొట్టి మనుషుల జాతివాడు), తోడున్న శామ్‌తో కలిసి, చీకటి ప్రభువు సౌరాన్ ఉంగరాన్ని వాడి రాజ్యం మొర్డోర్‌లోని అగ్నిలో పడేయడానికి వెళ్లే కథ. కథ తెలిసినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను కాబట్టి ఎవరు పోయారు, ఎవరు తిరిగొచ్చారు అన్నది దాచడం లేదు.

మూడో దారికి రెండు మాటలు చాలు. ఒకరు పది రోజుల్లో మొర్డోర్ చేరతారు, ఇంకొకరు రెండు నెలలైనా కథ మొదట్లో వచ్చే టామ్ బొంబడిల్ ఇంట్లోనే ఉంటారు. ముందు వెళ్లినవాళ్లకి ఆ వేడి చల్లారిపోతుంది, వెనకున్నవాళ్లకి నోరు విప్పాలంటే మొహమాటం. ఒంటరిగా చదువుకునేవాళ్లకి బాగుంటుంది కానీ దాన్ని కలిసి చదవడం అనలేం.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

తారీఖుల పద్ధతిలో ఆకర్షణ చాలా ఉంది. మూడో సంపుటం చివర అనుబంధం 'బి'లో ముఖ్యమైన ప్రతి ఘట్టానికీ తేదీ ఇచ్చారు. ఫ్రోడో ఇల్లు వదిలేది సెప్టెంబరు 23, ఉంగరాన్ని ఏం చేయాలో తేల్చే ఎల్రాండ్ సభ అక్టోబరు 25, ఆ సభ జరిగిన రివెండెల్ నుంచి ఫ్రోడో బృందం బయల్దేరేది డిసెంబరు 25, ఉంగరం అగ్నిలో పడేది మార్చి 25. ఏ రోజు జరిగింది ఆ రోజే చదవాలి. మన ప్రాంతంలో దీనికి ఇంకో అందం కూడా తోడవుతుంది. జనవరి 13న చీకటి పడే వేళకి బృందం కొండ లోపలి మోరియా గనుల పడమటి ద్వారం దగ్గరికి చేరుతుంది. 14 రాత్రి కొండ కడుపులో గడుపుతుంది. 15న అక్కడి వంతెన మీద నుంచి మాంత్రికుడు గాండాల్ఫ్ పడిపోతాడు. మనకి భోగి, సంక్రాంతి, కనుమ నడిచే రోజులవి. వీధిలో భోగిమంట వెలుగుతుంటే పుస్తకంలో వాళ్లు గాండాల్ఫ్ చేతికర్ర వెలుగొక్కటే నమ్ముకుని చీకట్లో అడుగులేస్తుంటారు. అలా ఒక్కసారి చదివితే మర్చిపోవడం కష్టం. కానీ సరిగ్గా ఆ మూడు రోజులే ఎవరి చేతా పుస్తకం పట్టించలేం. సగం మంది సొంతూళ్లలో ఉంటారు, మిగతావాళ్ల ఇళ్లు చుట్టాలతో నిండి ఉంటాయి.

తేదీలు సమంగా పరుచుకోకపోవడం ఇంకో చిక్కు. ఎల్రాండ్ సభ అయ్యాక డిసెంబరు 25 దాకా చదవడానికి దాదాపు ఏమీ ఉండదు. రెండు నెలలు గ్రూపు మూగబోతుంది. ఎల్ఫ్‌ల అడవి లోత్లోరియెన్‌లో జనవరి 17 నుంచి ఫిబ్రవరి 16 దాకా మళ్లీ అదే పరిస్థితి. ఆ తర్వాత వరద. మార్చి 15 ఒక్క రోజునే శత్రువులు ముట్టడించిన మినాస్ తిరిత్ నగర ద్వారం బద్దలవుతుంది, సాయంగా రోహన్ గుర్రాలు దిగుతాయి, పెలెన్నోర్ యుద్ధం ముగుస్తుంది, నగర పాలకుడు డెనెథోర్ చితి వెలుగుతుంది, కాబోయే రాజు అరగోర్న్ క్షతగాత్రుల దగ్గరికి వస్తాడు. ఐదో పుస్తకం నాలుగో అధ్యాయం చివరి నుంచి ఎనిమిదో అధ్యాయం దాకా అంతా ఒక్క రోజు పని. ఫ్రోడో, శామ్ శత్రువుల బురుజులోంచి తప్పించుకునేదీ అదే రోజు, అది ఆరో పుస్తకం మొదట్లో ఉంటుంది. మార్చి అంటే ఇక్కడ ఇంటర్, టెన్త్ పరీక్షల నెల. పిల్లలున్న ఇళ్లలో, అధ్యాపకుల ఇళ్లలో ఒక్క రోజులో అన్ని అధ్యాయాలు కుదరవు.

ఇంకో చిన్న ముడి కూడా ఉంది. పుస్తకంలోని తేదీలు హాబిట్లు ఉండే షైర్ క్యాలెండర్‌వి, అందులో ప్రతి నెలకీ 30 రోజులే, ఫిబ్రవరికీ అంతే. నడిచే చెట్లలాంటి ఎంట్‌ల సభ మొదలయ్యేది ఫిబ్రవరి 30న, అలాంటి రోజు మన గోడ క్యాలెండర్‌లో లేదు. 29, 30 తేదీల ఘట్టాలు రెండూ 28నే చదవాలా, మార్చి 1కి జరపాలా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. లేకపోతే ఫిబ్రవరి ఆఖరి వారంలో సగం మంది ఒక చోట, సగం మంది ఇంకో చోట ఉండిపోతారు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది, నా ఓటు వారాల లెక్కకి పడడానికి కారణం అదే. తారీఖుల ప్రకారం చదివితే రచయిత దాచిపెట్టినవన్నీ ముందే బయటపడిపోతాయి.

రెండో సంపుటంలో మూడో పుస్తకమంతా అరగోర్న్ వైపు, నాలుగో పుస్తకమంతా ఫ్రోడో వైపు. రెండూ ఒకే రోజుల్లో జరిగినవే, అయినా టోల్కీన్ వాటిని కలపలేదు. నాలుగో పుస్తకం చివర ఫ్రోడో శత్రువుల చేతిలో చిక్కాడని, ప్రాణాలతోనే ఉన్నాడని మనకి తెలుస్తుంది. అక్కడితో తెర పడుతుంది. ఆపైన ఐదో పుస్తకం పది అధ్యాయాలూ వేరే చోట నడుస్తాయి. పదో అధ్యాయంలో మొర్డోర్ నల్లద్వారం ముందు సౌరాన్ దూత వచ్చి మూట విప్పుతాడు. ముందు శామ్ మోసిన పొట్టి కత్తి, తర్వాత ఎల్ఫ్‌లు ఇచ్చిన బూడిదరంగు పైవస్త్రం, చివరికి ఫ్రోడో వేసుకున్న మిథ్రిల్ కవచం. చిక్కాక ఫ్రోడో ఏమయ్యాడో గాండాల్ఫ్‌కి తెలియనట్టే ఆ క్షణంలో చదువరికీ తెలియదు. అక్కడున్న హాబిట్ పిప్పిన్ గుండె ఆగినట్టే మన గుండే ఆగుతుంది.

తారీఖుల లెక్కలో నల్లద్వారం ఘట్టం మార్చి 25న వస్తుంది. శామ్ బురుజెక్కి ఫ్రోడోని వెతికి పట్టుకునేది మార్చి 14న. అంటే ఆ కవచం బయటికి తీసేనాటికి ఫ్రోడో తప్పించుకున్న అధ్యాయాలు చదివేసి పది రోజులు దాటిపోయి ఉంటుంది. దూత అబద్ధమాడుతున్నాడని తెలిసిపోయాక ఆ మూట ఉత్త గుడ్డల మూట అయిపోతుంది. "మళ్లీ చదివేవాళ్లకి ఎలాగూ తెలుసు కదా" అంటారు. తెలియడం వేరు, ఆ వారం పేజీల్లో ఏం చూశాం అన్నది వేరు. రచయిత పెట్టిన వరసలో వెళ్తే, తెలిసినా భయం మళ్లీ పుడుతుంది. రెండో సంపుటం వచ్చింది 1954 నవంబరులో, మూడోది 1955 అక్టోబరులో. ఫ్రోడోని ఆ బురుజులో వదిలేసి మొదటి తరం చదువరులు దాదాపు పదకొండు నెలలు కూర్చున్నారు. అందులో పిసరంత ఎదురుచూపైనా ఉంచుకోవాలంటే పుస్తకం ఇచ్చిన వరస చెడగొట్టకూడదు.

ఇంకొకటి. తారీఖుల గుంపులు చాలావరకు మార్చి 25తో చప్పబడిపోతాయి. ఉంగరం పడిపోయేది ఆరో పుస్తకం మూడో అధ్యాయంలో. ఇంకా ఆరు అధ్యాయాలుంటాయి. షైర్‌లో పోరు నవంబరు 3న జరుగుతుంది, ఫ్రోడో ఓడ ఎక్కి వెళ్లిపోవడం ఆ తర్వాత రెండేళ్లకి. అంతవరకు ఎవరు ఆగుతారు? సినిమాలోనూ షైర్ పోరు లేదు కాబట్టి ఆ అధ్యాయం చాలామందికి ఒక్క చదువుతోనే సరిపోతుంది. మళ్లీ చదివినప్పుడే దాని బరువు తెలుస్తుంది. అంత దూరం వెళ్లొచ్చిన నలుగురు హాబిట్లూ సొంత ఊళ్లో చెట్లు నరికేసి ఉండడం చూసి నిలబడిపోయే చోటు అది.

ఇక వారాల లెక్క. మొత్తం ఆరు పుస్తకాలు, 62 అధ్యాయాలు: వరసగా 12, 10, 11, 10, 10, 9. వారానికి రెండు అధ్యాయాలు మామూలు నడక, కొన్ని చోట్ల మాత్రం మార్చుకోవాలి. రెండో పుస్తకంలో రెండో అధ్యాయం, ఎల్రాండ్ సభ, చాలా పొడుగు. దానికి ముందున్నదానికి ఒక వారం, దీనికి విడిగా ఒక వారం ఇవ్వాలి. ఇంకో అధ్యాయంతో కలిపితే సగం మంది ఇక్కడే జారిపోతారు. మూడో పుస్తకంలో చివరి మూడూ ఒక వారంలో తేలిగ్గా అయిపోతాయి. ఆరో పుస్తకంలో 1-2, 3-4, ఆపైన 5-6-7 కలిపి. 8కి ఒక వారం, 9కి ఒక వారం. ఇదంతా 32 వారాలవుతుంది. దసరాకి ఒకటి, సంక్రాంతికి ఒకటి సెలవు వేస్తే 34. జూన్ మధ్యలో ఆదివారం మొదలుపెడితే ఫిబ్రవరి మొదటి పది రోజుల్లో పూర్తవుతుంది, పరీక్షల గోల అప్పటికింకా మొదలవదు. లెక్క తప్పకపోతే ఉంగరం కరిగిపోయే వారం సరిగ్గా సంక్రాంతి ముందు పడుతుంది. పండగ చేసుకుని వచ్చి ఇంటిదారి అధ్యాయాలు తీయొచ్చు.

ఈ పద్ధతిలో ఆగే చోట్లు కూడా కలిసొస్తాయి. నాలుగో పుస్తకంలో 7-8 ఒక వారం, 9-10 మరుసటి వారం. ఎనిమిదిలో మెట్ల మీద ఫ్రోడో, శామ్ నిద్రపోతుంటే, ఒకప్పుడు ఉంగరం తన దగ్గరుంచుకున్న గొల్లమ్ వచ్చి చూస్తాడు. వణికే చెయ్యి చాపి ఫ్రోడో మోకాలిని తాకీ తాకనట్టు తాకుతాడు. ఆ క్షణంలో వాడు అలిసిపోయిన ముసలి హాబిట్ మాత్రమే. శామ్ మేలుకుని కసురుతాడు, వాడి కళ్లలో పచ్చటి మెరుపు తిరిగొస్తుంది. మొదటిసారి చదివేవాళ్లు రాక్షస సాలీడు షెలోబ్ గుహ కోసం పరిగెత్తుతూ ఇక్కడ ఆగరు. వారం పాటు ఇక్కడే నిలబెడితే, శామ్‌ని తప్పు పట్టాలా వద్దా అన్న వాదన దానంతటదే లేస్తుంది. ఒకటో పుస్తకం రెండో అధ్యాయంలో గొల్లమ్ మీద జాలి గురించి గాండాల్ఫ్ చెప్పినదాన్ని ఎవరో ఒకరు వెనక్కి వెళ్లి తీస్తారు. కలిసి చదవడంలో రుచంతా ఇలాంటి చోట్లే ఉంది.

అభిప్రాయాలు పంచుకోవడంలో ఒక నియమం తప్పనిసరి. శనివారం రాత్రి తొమ్మిదికల్లా ఎవరికి వారు ఐదారు వాక్యాలు రాసి పెట్టుకోవాలి, ఆదివారం ఉదయమే గ్రూపులో వేయాలి. ముందే వేస్తే మొదట రాసినవాళ్ల మాట చుట్టూ మిగతావాళ్లు తిరుగుతారు. "నేనూ అదే అనుకున్నా" అనే జవాబులు పది వస్తాయి, కొత్త చూపు ఒక్కటీ రాదు. రాసేటప్పుడు సినిమా జ్ఞాపకాన్ని విడదీయండి. ఫరామిర్ ఫ్రోడోని ఓస్గిలియాత్‌కి లాక్కెళ్లడం పుస్తకంలో లేదు. బృందంలోని బోరొమిర్ చావు సినిమాల్లో మొదటి భాగం, పుస్తకంలో రెండో సంపుటం మొదటి అధ్యాయం; షెలోబ్ సినిమాల్లో మూడో భాగం, పుస్తకంలో రెండో సంపుటమే. సగం గొడవలు ఈ తేడా చూసుకోకపోవడం వల్లే.

పేజీ నంబర్లు వాడొద్దు. ఒకరి దగ్గర లెనిన్ సెంటర్‌లో కొన్న పాత మూడు సంపుటాలు, ఒకరి దగ్గర ఒక్కటే లావు పుస్తకం, ఇంకొకరి దగ్గర కిండిల్, ఏ పేజీ ఏ పేజీతోనూ కలవదు. ఉత్తినే "నాలుగో అధ్యాయం" అన్నా చాలదు, ప్రతి పుస్తకంలోనూ అంకెలు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి నాలుగో అధ్యాయాలు ఆరు ఉన్నాయి. "3:4" అని రాస్తే మూడో పుస్తకం నాలుగో అధ్యాయం, ట్రీబియర్డ్, అని అందరికీ తెలుస్తుంది. ఆడియోలో వినేవాళ్లూ ఇదే అంకె చెప్పాలి. పాటలు వినడానికి ఆడియో మేలు, గీత గీసుకోవడానికి పనికిరాదు.

వాట్సాప్ సరిపోతుందా, టెలిగ్రామా? ఎనిమిది మంది దాకా వాట్సాప్ చాలు. వారం అధ్యాయాల పేరుతో ఒక సందేశం పెట్టి 7 రోజులకి పిన్ చేయండి, జవాబులన్నీ దానికే రిప్లై ఇవ్వాలి. వాయిస్ నోట్ రెండు నిమిషాలు దాటితే ఎవరూ వినరు. పది మంది దాటినా, తొలిసారి చదివేవాళ్లు ఒక్కరున్నా టెలిగ్రామే నయం. అక్కడ ఒక్కో పుస్తకానికి విడిగా టాపిక్ తెరవొచ్చు, ముందు ఘట్టాలు చెప్పే మాటల్ని తాకితే తప్ప కనపడకుండా దాచొచ్చు.

ముఖాముఖి కలవడం ప్రతి వారం పెట్టుకుంటే నెలలో ఆగిపోతుంది. రెండు ఊళ్ల మధ్య ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఆదివారం సాయంత్రం తిరుగు బస్సుల్లో రద్దీ. పుస్తకాలు ఆరు కాబట్టి ఆరుసార్లు చాలు, ఒక్కో పుస్తకం అయ్యాక ఒక్కసారి. మూడు విజయవాడలో, మూడు గుంటూరులో. మొదటిది జులై చివర్లో పడుతుంది, వానకి తడవని చోటు చూసుకోండి. ఒకే సమావేశంలో రెండు పుస్తకాలు తీయొద్దు, నాలుగోది ఎప్పుడూ వెనక్కి నెట్టబడుతుంది.

ఆరో సమావేశానికి అందరూ పుస్తకం వెంట తెచ్చుకోవాలి. చివరి అధ్యాయంలో ఓడ కదిలిన చోటు నుంచి శామ్ ఇంటికొచ్చి కూర్చునే దాకా ఒకరు పైకి చదవాలి. ఎవరు చదవాలో ముందే అనుకోండి. మధ్యలో గొంతు పూడుకుపోతే అందుకోవడానికి పక్కన ఇంకొకరు అదే పేజీ తెరిచి కూర్చోవాలి.