ఫ్రాంక్ పెళ్లికానుకా, బ్రామ్స్ వానా: ముందు ఏది?

వయొలిన్, పియానో జంటను కొత్తగా వినేవాళ్లకు నేను ముందు స్వరకర్త ఫ్రాంక్ రాసిన ఎ మేజర్ సొనాటానే (కొన్ని భాగాలుగా సాగే వాద్య రచన) చెబుతాను. 1886లో వయొలిన్ విద్వాంసుడు యూజెన్ ఇజాయికి పెళ్లికానుకగా ఇచ్చిన రచన ఇది. చివరి భాగంలో పియానో ఒక పాట ఎత్తుకుంటుంది, సరిగ్గా ఒక్క బార్ (మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది) ఆలస్యంగా వయొలిన్ అదే పాటను అందుకుంటుంది. కొత్త చెవికి కూడా ఆ వెంటనడక ఇట్టే తెలిసిపోతుంది. అయితే వాయించేవాళ్లకు ఇది తేలిక కాదు. రెండో భాగంలో పియానిస్టుకు ఊపిరాడదు. ఫ్రాంక్ చేతులు చాలా పెద్దవి, ఆయనకు అందేవి అందరికీ అందవు మరి!

మరో స్వరకర్త బ్రామ్స్ రాసిన జి మేజర్ సొనాటా (ఓపస్ 78, అంటే ఆయన రచనల వరుసలో 78వ సంఖ్య; 1879లో పూర్తయింది) అలా చేయి పట్టుకుని లాగదు. మెల్లగా పక్కన కూర్చుంటుంది. మొదట్లోనే వయొలిన్ ఒకే స్వరాన్ని మూడుసార్లు పలుకుతుంది. ఆ మూడు చినుకులు బ్రామ్స్ తానే ఇంతకుముందు రాసుకున్న వానపాటలోవి. మూడో భాగంలో ఆ పాట వరుసే తిరిగొస్తుంది, కింద పియానో సన్నగా, ఆగకుండా చూరునీళ్లలా కారుతూ ఉంటుంది. అంతసేపు దిగులుగా సాగి, చివర్లో మేజర్‌లోకి, అంటే వెలుగుగా వినిపించే స్వరాల వరుసలోకి, తేటపడే చోట నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

కచేరీకి ఫ్రాంక్. ఇంట్లో, రాత్రిపూట, ఒంటరిగా అయితే బ్రామ్స్.