బ్రాడీపేట కెఫేలో పాత ఓట్ల పంచాయితీ
అల్లం టీ బాగుంటుంది, బజ్జీల్లో వాము కాస్త ఎక్కువ. నేను వెళ్లేది మాత్రం ఆదివారం ఓటింగ్ కోసం. అమెరికన్ ఫుట్‌బాల్ మేటి ఆటగాళ్లకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ పోటీదారుల పాత జాబితా ఒకటి బోర్డు మీద రాసి, మళ్లీ మనచేత ఓట్లేయిస్తారు. రూలు అక్కడిదే, 80 శాతం రావాలి. మొన్న 2016 జాబితా పెట్టారు. క్యాచ్‌లతోనే 15,934 గజాలు సాధించిన టెరెల్ ఓవెన్స్‌ను కమిటీ అప్పుడు పక్కనపెట్టి, 2018లో గానీ తీసుకోలేదు. ఆయన ఆ హాల్ ఉన్న కాంటన్ ఊళ్లో జరిగిన వేడుకకే వెళ్లలేదు, అలగడూ మరి! మా దగ్గర మొదటి రౌండులోనే గట్టెక్కాడు. పాత ఆటగాడు కెన్ స్టేబ్లర్ దగ్గరే గొడవ: 2015లో మనిషి పోయాక 2016లో ఆ గౌరవం ఇవ్వడమేంటని. చీటీలకు బిల్లు కాగితాలు, జెల్ పెన్నులు ఇస్తారు. టీ తడి తగిలితే ఓటు మాయం. బాల్‌పెన్నులు పెట్టండి బాబూ.