ఆటో ఫీడర్ చిటికెడే వేస్తుంది, నాకు నచ్చిందీ అదే: ఉప్పునీటి ట్యాంకు మీద ఎన్నాళ్లో వాడాక

ఈ ఆటో ఫీడర్ (టైముకి తనంతట తానే చేపలకు మేత వేసే యంత్రం) మీద నా ఇష్టమంతా ఒక్క గుణం వల్లే. ఇది చాలా తక్కువ మేత వేయగలదు. మేత పోసే డ్రమ్ము పక్కనుండే చిన్న తలుపును దాదాపు మూసుకునేదాకా జరిపితే, ఒక్కసారి తిరిగినప్పుడు పదో పదిహేనో గుళికలు రాలతాయి. చేత్తో ఎంత జాగ్రత్తగా వేసినా అంత తక్కువ వేయడం కష్టం. చేపలన్నీ అద్దం దగ్గర గుమిగూడితే చెయ్యి ఆగదు, ఇంకో చిటికెడు వేసేస్తాం. ఆ చిటికెడే రాళ్ల సందుల్లో పడి కుళ్లి, కొన్నాళ్లకు నాచుగా పైకొస్తుంది. బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది, టైమర్ ఎలా పెట్టాలి లాంటివి డబ్బా మీద ఉన్నవే, వాటిని వదిలేస్తున్నాను.

నా ట్యాంకులో క్లౌన్‌ఫిష్ జంట, ఒక ఎల్లో టాంగ్, చిన్న ఆంథియాస్ గుంపు ఉన్నాయి. ఇబ్బందంతా ఆంథియాస్‌తోనే. సముద్రంలో అవి పగలంతా ప్రవాహానికి ఎదురు నిలిచి, కొట్టుకొచ్చే ప్లవకాలనే చిన్న జీవులను ఒక్కొక్కటిగా ఏరుకు తింటాయి. రోజుకి ఒక్కసారి పెడితే నెమ్మదిగా చిక్కిపోతాయి. పోనీ అని ఒకేసారి ఎక్కువ వేస్తే, పట్టుకోగలిగినంత పట్టుకుని మిగతాది వదిలేస్తాయి, అది ఇసుక మీదికి దిగుతుంది. ఫీడర్ వచ్చాక అదే మేత రోజుకి ఆరు భాగాలైంది. గుళికలు సగం లోతు దిగేలోపే ఖాళీ అయిపోతాయి. ఇసుక మీద ఒక్కటి కూడా మిగలకపోవడం చూస్తే నాకిప్పటికీ సంతోషమే. ఆంథియాస్ పొట్టలు లోపలికి పీక్కుపోవడం ఆగింది, అద్దం గీకే పని కూడా బాగా తగ్గింది.

మిగిలిపోయిన మేత గురించి ఇంత పట్టింపు దేనికంటే, ఫాస్ఫేట్ వల్ల. నీళ్లలో కరిగిన ఫాస్ఫరస్ అదే, నాచుకు ఎరువూ అదే. ప్రాణమున్న ప్రతి కణంలోనూ ఫాస్ఫరస్ ఉంటుంది, అది లేని మేత అంటూ దొరకదు. చేప తిన్నదాంట్లో కొంత ఒంటికి పడుతుంది, మిగతాది మొప్పల నుంచి అమోనియాగా, మలంగా బయటికొస్తుంది. తినని గుళిక మాత్రం తనలో ఉన్నదంతా నీళ్లకే ఇచ్చేస్తుంది. నాచుకేమో కావలసింది అతి తక్కువ. సముద్రపు అడుగున అతుక్కుని పెరిగే మొక్కల్లో, నాచులో మామూలుగా 550 కార్బన్ పరమాణువులకు ఒక్క ఫాస్ఫరస్ పరమాణువు ఉంటుందని అట్కిన్సన్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు 1983లో లెక్కగట్టారు. నీళ్లలో తేలే ప్లవకాల్లో అయితే 106కి ఒకటి. అంటే రాయి మీది నాచు ఇంత ఫాస్ఫరస్ దొరికితే చాలు, అంత పెరుగుతుంది.

ఇక అసలు కష్టం. మేం కొన్నాళ్లు ఊళ్లో లేనప్పుడు జరిగిందది. ఫీడర్ ఉంది కదా అని మేత గురించి టెన్షన్ పడలేదు. రోజూ వచ్చి చూసిపోయే బంధువు కూడా డ్రమ్ము టైముకి తిరుగుతోందని ఫోన్‌లో చెబుతూనే ఉన్నాడు. డ్రమ్ము నిజంగానే తిరిగింది. రాలాల్సిందే రాలలేదు. ఉప్పునీటి ట్యాంకు పైన గాలి ఎప్పుడూ తేమగా ఉంటుంది, బుడగలు పగిలినప్పుడల్లా సన్నటి ఉప్పు తుంపర లేస్తుంది. ఆ ఉప్పు తలుపు అంచున పేరుకుంది. ఉప్పు మళ్లీ గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి ఆ అంచు ఎప్పటికీ ఆరదు. నాకు అంతగా నచ్చిన ఆ ఇరుకు సందే అన్నిటికంటే ముందు మూసుకుపోయింది. తలుపు బార్లా తీసి వాడేవాళ్లకు ఇంత త్వరగా అడ్డుపడదేమో, కానీ అలా వాడితే నాకు దీంతో పనే లేదు.

లోపల గుళికలు తడిసి, ఒకదానికొకటి అంటుకుని పెద్ద ముద్దయ్యాయి. కొన్ని రోజులు చేపలకు ఏమీ అందలేదు. తర్వాత ఎప్పుడో, తిరిగీ తిరిగీ ఆ ముద్ద విరిగినట్టుంది, తలుపును కూడా తోసుకుని మొత్తం ఒకేసారి నీళ్లలో పడింది. మేం వచ్చేసరికి నీళ్లు పలచటి పాలలా ఉన్నాయి. నురగతో మురికిని బయటికి లాగే స్కిమ్మర్ కప్పు నిండి పొర్లుతోంది. వెనక రాయి సందులో తెల్లటి బూజు పట్టిన ముద్ద ఇంకా కొంత మిగిలే ఉంది. అమోనియా టెస్టులో రంగు వచ్చింది, పాతబడి నిలదొక్కుకున్న ట్యాంకులో ఎప్పుడూ రాకూడని రంగు అది. ముద్దను ట్యూబుతో లాగేసి, నీళ్లు బాగా మార్చి, నీటిని శుభ్రం చేసే కార్బన్ పెట్టాం. గుంపులో చిన్నదైన ఆంథియాస్ మాత్రం కోలుకోలేదు. ఆ ఒక్కటి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అమోనియా త్వరగానే దిగింది. నాచు మాత్రం నీళ్లు తేటపడ్డాక, అంతా సర్దుకుందనుకుంటున్న సమయంలో వచ్చింది. లైటు బాగా తగిలే రాళ్ల తలల మీద మొదట సన్నటి నూగు, తర్వాత వేలెడు పొడవు ఆకుపచ్చ జుట్టు. విచిత్రం ఏంటంటే, అప్పుడు ఫాస్ఫేట్ కొలిస్తే దాదాపు సున్నా చూపించింది. నీళ్లలోకి వచ్చింది వచ్చినట్టే నాచు పీల్చేసుకుంటుంటే మీటరుకు మిగిలేదేముంది? నాచు పీకాక కొలిస్తే అసలు అంకె బయటపడింది. నీళ్లు మారిస్తే తగ్గేది, రెండు రోజులకు మళ్లీ పైకొచ్చేది. సున్నపు రాళ్లు, ఇసుక ఫాస్ఫేట్‌ను తమలోకి పట్టుకుని, నీళ్లలో తగ్గినప్పుడు మెల్లగా వదులుతాయి. ఒక్కసారి పడిన మేతకు నెలల తరబడి కప్పం కట్టినట్టయింది. ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ మీడియా కొద్దికొద్దిగా పెట్టాను, ఎందుకంటే ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే పగడాలు దెబ్బతింటాయి. పైగా నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి చేరితే డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు, జిగురులా పరుచుకునే సూక్ష్మజీవులు) దిగే ప్రమాదం ఉంది, వాటితో పోలిస్తే జుట్టు నాచే నయం. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) మధ్య నిలబడితే నాకు చాలు. నాచును చేత్తో పీకుతూ అదే సమయంలో ట్యూబుతో లాగేయడం, టర్బో నత్తలు, ఈ రెండే నిజంగా పని చేశాయి. టాంగ్ పొట్టి నాచును కొరుకుతుంది కానీ పొడవు పెరిగినదాని జోలికి పోలేదు.

ఇంత జరిగినా ఫీడర్‌ను పారేయలేదు, చోటు మార్చాను. ఇప్పుడది నీటికి నేరుగా పైన లేదు. పక్కన స్టాండు మీద ఉంటుంది, గుళికలు ఏటవాలు ప్లాస్టిక్ గొట్టంలోంచి జారి వస్తాయి. గొట్టం చివర నీటిని తాకకూడదు, తాకితే తేమ లోపలికి ఎక్కుతుంది. చిన్న ఎయిర్ పంపు ట్యూబును డ్రమ్ములోకి పెట్టాను, గది గాలి నిత్యం లోపలినుంచి బయటికి తోసుకొస్తుంటే ట్యాంకు తేమ లోపలికి రాదు. గదే తేమగా ఉంటే ఇది ఎంతవరకు పనిచేస్తుందో చెప్పలేను. డ్రమ్ము నిండా పోయడం మానేశాను. ఎంత చెడినా కొద్ది రోజుల మేతే పడాలి అన్నట్టు కొంచెమే పోస్తాను. రేకుల మేత దీనికి పనికిరాదు, తేలుతూ పైనీళ్లు దిగే ఓవర్‌ఫ్లోలోకి పోయి, మురికిని పట్టే ఫిల్టర్ సాక్ అనే గుడ్డ సంచిలో కుళ్లుతుంది. మేత వేళకు, కింది తొట్టైన సంప్ నుంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపును టైమర్‌తో పది నిమిషాలు ఆపుతాను. అప్పుడు పైనీళ్లు సంప్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది, స్కిమ్మర్‌ను కూడా ఆపకపోతే పొంగుతుంది.

పైన అద్దం గీకే పని తగ్గిందన్నాను. ఆ రోజుల్లోనే ఫిల్టర్ సాక్‌ను త్వరత్వరగా మార్చడం మొదలుపెట్టాను, సంప్‌లో పెంచే కీటోమార్ఫా అనే నాచు కూడా బాగా గుబురుగా పెరిగింది. వాటి వాటా ఎంతో, ఫీడర్ వాటా ఎంతో విడదీయలేను. అదే మేతను ఆరు ముక్కలు చేసినంత మాత్రాన చేపలు బయటికి వదిలేది ఏమీ తగ్గదు. మిగిలిపోయేది తగ్గుతుంది, అంతే. ఎంత తిన్నదో అంతకు తగ్గట్టు నాచునో, సాక్‌లోని మురికినో, స్కిమ్మర్ కప్పునో ట్యాంకు బయటికి పంపాల్సిందే. ఫీడర్ వల్ల ఇంకో లాభం మాత్రం నాకు తర్వాత తెలిసింది. డ్రమ్ములో పోసే మేతను చిన్న త్రాసు మీద తూచి పోస్తున్నాను కాబట్టి, రోజూ లోపలికి పోయేది ఒకటే లెక్క. ఫాస్ఫేట్ పెరిగితే కారణం మేతలో వెతకక్కర్లేదు, నేరుగా సాక్‌నో స్కిమ్మర్‌నో చూస్తాను.

ఫ్రోజెన్ మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు, గడ్డకట్టించిన క్యూబ్‌లుగా దొరుకుతాయి) ఇప్పటికీ చేత్తోనే వేస్తాను, అది ఫీడర్ పని కాదు. కరిగించి వడకట్టే అలవాటు ఉంది. కానీ ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగం రొయ్య కండలోనే ఉంటుంది, పారబోసే నీళ్లలో పోయేది కొంతే. కాబట్టి వడకట్టాను కదా అని ఇంకో క్యూబ్ వేయను. టాంగ్‌కు పెట్టే నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ఆకు మధ్యాహ్నానికి మిగిలితే తీసేస్తాను.

మీ దగ్గర ఒక్క క్లౌన్‌ఫిష్ జంటే ఉంటే ఇది అవసరం లేదనే అంటాను, రోజుకి రెండుసార్లు చేత్తో వేసే చిటికెడు వాటికి చాలు. కోపెపాడ్‌లనే చిన్న జీవులను వేటాడి బతికే మాండరిన్ లాంటి చేపలకు దీంతో ఒరిగేదేం లేదు. ఆంథియాస్ పెంచుతూ, పగలంతా ఇంట్లో ఉండలేని నాలాంటివాళ్లకైతే కొనుక్కోమంటాను, దాన్ని నీటి మీదనుంచి పక్కకి జరిపే చోటుంటేనే. ఊరెళ్లేటప్పుడు మాత్రం నేనింకా పూర్తిగా నమ్మను. చూసిపోవడానికి వచ్చేవాళ్లకు డ్రమ్ము తిరిగిందా అని కాకుండా, నీళ్లలో గుళికలు పడ్డాయా, ఆంథియాస్ వాటికోసం పైకొచ్చాయా అని చూడమని చెప్పి వెళ్తున్నాను.