యూరియా బస్తా, డీఏపీ బస్తా: ధరలో ఇంత తేడా ఎందుకు?

45 కిలోల యూరియా బస్తా మీద 266 రూపాయల 50 పైసలని ముద్రించి ఉంటే, దాని పక్కనే ఉన్న 50 కిలోల డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉన్న ఎరువు) బస్తా 1,350 రూపాయలు పలుకుతోంది. యూరియా గరిష్ఠ ధరను కేంద్రమే నిర్ణయించి, మిగిలిన ఖర్చును సబ్సిడీగా కంపెనీలకు చెల్లిస్తున్నందున, దాని తయారీకి వాడే సహజవాయువు ధర పెరిగినా ఆ భారం నేరుగా రైతు మీద పడదు. డీఏపీకి మాత్రం 2010 ఏప్రిల్ నుంచి అందులోని పోషకాల ఆధారంగా, కిలో పోషకానికి ఇంత అని సబ్సిడీ ఇస్తున్నారు. దాని ముడిసరుకైన రాక్ ఫాస్ఫేటు చాలావరకు మొరాకో, జోర్డాన్ వంటి దేశాల నుంచి రావలసిందే కనుక, అక్కడి ధర, ఓడ కిరాయి, డాలరు విలువ అన్నిటి ప్రభావమూ దాని మీద ఉంటుంది.

యూరియా చవకే గాని, అందులో ఉన్నది 46 శాతం నత్రజని మాత్రమే, భాస్వరం అసలే లేదు. నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడే ఉంది: చవకని అదే ఎక్కువగా చల్లిన వరిమడి ముదురు పచ్చగా కళకళలాడుతుంది, ఆ వెనకే పైరు రసం పీల్చే దోమపోటు తగులుకొని, ఎరువులో మిగిలిన డబ్బు పురుగుమందుకు పోతుంది.