ఏడేళ్లుగా కడుతున్న చారల నైలాన్ బెల్టు

1964లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘గోల్డ్‌ఫింగర్’ మొదట్లోనే ఒక సీను వస్తుంది. బాండ్‌గా వేసిన షాన్ కానరీ ఈత సూటు విప్పితే లోపల తెల్ల కోటు, ఇస్త్రీ నలగకుండా. తర్వాత బార్లో నిలబడి లైటర్ వెలిగించి, ఆ వెలుతురులో టైము చూసుకుంటాడు. అంతలో బయట పేలుడు. చేతికున్నది రోలెక్స్ సబ్‌మెరీనర్, 6538 మోడల్. ఈ జన్మకి నేను కొనగలిగేది కాదు. దానికి కట్టిన చారల నైలాన్ బెల్టు మాత్రం నాకూ అందింది, 350 రూపాయలకి. ఏడేళ్లుగా నా సీకో 5 వాచీకి అదే.

మీరెప్పుడైనా ఆ సీను ఆపి చూశారా? వాచీకి బెల్టు పట్టే సందు 20 మిల్లీమీటర్లు. కట్టిన బెల్టు సుమారు 16. రెండు పక్కలా, బెల్టును వాచీకి పట్టి ఉంచే పిన్ను బయటికి కనిపిస్తూనే ఉంటుంది, పెళ్లికొడుక్కి తమ్ముడి చొక్కా తొడిగినట్టు. నా వాచీకి సందు 18. సినిమా పిచ్చిలో నేనూ కావాలనే 16 బెల్టు తెప్పించాను. రెండు రోజులు కట్టానంతే. వాచీ అటూ ఇటూ జారుతుంటే ఆఫీసులో ఒకాయన జాలిగా “బెల్టు చిన్నదిచ్చారా సార్” అన్నాడు. మూడో రోజు 18 ఆర్డర్ పెట్టాను. కానరీ చేతికి నప్పింది మన చేతికి నప్పాలని లేదు.

రంగుల సంగతి కూడా చెప్పాలి. సినిమాలోది నలుపు, బూడిద చారలనే చాలాకాలం అనుకున్నారు. ప్రింట్లు శుభ్రపడ్డాక తేలింది: ముదురు నీలం మీద ఆలివ్ చారలు, వాటి అంచున సన్నటి ఎరుపు. అయినా 2015లో వచ్చిన బాండ్ సినిమా ‘స్పెక్టర్’లో డేనియల్ క్రెయిగ్ ఒమేగా సీమాస్టర్ 300 వాచీకి కట్టింది నలుపు, బూడిద రంగుదే. నాది ఎరుపు గీతలది. దుకాణాల్లో దీన్నే నాటో బెల్టు అంటారు గానీ, బ్రిటన్ రక్షణ శాఖ ఆ రకం బెల్టుకి కొలతలు రాసుకున్నది 1973లో. అప్పటికి కానరీ సినిమా వచ్చి తొమ్మిదేళ్లు.

ఇక వాడకం. ఇది ఒకటే పొడవాటి ముక్క. వాచీ కిందనుంచి రెండు పిన్నుల మీదుగా దూరి వెళ్తుంది. అందులో ఉన్న లాభం నాకు ఒకసారి బస్సు దిగుతుంటే తెలిసింది. ఎవరి బ్యాగో తగిలి ఒక పిన్ను ఊడి ఎగిరిపోయింది. వాచీ మాత్రం రెండో పిన్ను పట్టుకుని బెల్టుకి వేలాడుతూ ఉంది. మామూలు తోలు బెల్టయితే అది టైరు కిందే. ఈ ఒక్క కారణంతో దీని మిగతా తప్పులన్నీ క్షమించాను.

తప్పులూ తక్కువేం కావు. కింద ఒక పొర చేరి వాచీ మణికట్టు మీద ఎత్తుగా కూర్చుంటుంది, చొక్కా కఫ్ దిగదు. మిగిలిపోయిన కొసను మళ్లీ రింగులోకి మడవాలి. ఆ మడత మొదటి నెల మొండికేస్తుంది, తర్వాత మెత్తబడుతుంది. మే నెలలో మూడు రోజులు వరసగా కడితే చెమట వాసన, అబద్ధమెందుకు. రాత్రి బట్టల సబ్బుతో రుద్ది ఫ్యాన్ కింద ఆరేస్తే తెల్లారేసరికి సిద్ధం. తోలుకి ఈ సుఖం లేదు, మా ఎండలకి ఏడాదిలో పగిలిపోతుంది. పసుపు మరక మాత్రం పోదు. మా చెల్లెలి పెళ్లిలో అంటింది ఇప్పటికీ ఆలివ్ చార మీద ఉంది.

ఈ ఏడేళ్లలో 18 కొలత బెల్టులు రెండు వాడాను. మొదటిది నాలుగేళ్లకి, రోజూ బకిల్ పెట్టే రంధ్రం దగ్గర పోగులు లేచి పోయింది. అగ్గిపుల్ల వెలిగించి ఆ పోగుల్ని కాస్త కరిగిస్తే ఇంకో ఆరు నెలలు లాగింది. రెండోదానికి ఎరుపు గీత వెలిసి గులాబీకి తిరిగింది, గుడ్డ మాత్రం గట్టిగానే ఉంది. ఇది పోతే మళ్లీ ఇదే తీసుకుంటాను.

ఆ మొదటి 16 బెల్టు పారేయలేదు. మా ఇంట్లో ఫోన్ ఛార్జర్ల వైర్లన్నీ కలిపి కట్టేది దానితోనే.