న్యూకాజిల్‌లో జెర్సీ మీద పేరు తీయించాలంటే: నేను వెళ్లిన షాపు సంగతి

ఇక్కడున్న మన తెలుగువాళ్లకి పనికొస్తుందని రాస్తున్నానండి. గ్రెయింజర్ మార్కెట్‌కి రెండు వీధుల అవతల ఒక చిన్న ప్రింటింగ్ షాపుంది. మగ్గుల మీద ఫొటోలు, స్కూలు స్వెటర్ల మీద లోగోలు వేస్తారు. ఫుట్‌బాల్ జెర్సీ మీద పాత పేరు పీకి కొత్తది కూడా అంటిస్తారు. 2025 సెప్టెంబరు తర్వాత ఈ పీకే పనే ఎక్కువైపోయిందట. ఎందుకో ఈ ఊళ్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

మావాడి చొక్కా వెనక న్యూకాజిల్ యునైటెడ్ క్లబ్బుకి గోల్స్ కొట్టే ఇసాక్ పేరు, అతని నంబరు 14 ఉండేవి. 2025 మార్చి 16న వెంబ్లీలో లివర్‌పూల్‌ని 2-1తో కొట్టి లీగ్ కప్పు తెచ్చారు కదా, ఆ రెండో గోలు ఇసాక్‌దే. ఈ దేశంలో ఆడే పెద్ద కప్పు ఒకటి ఈ క్లబ్బుకి రావడం 1955 తర్వాత అదే మొదలు. వీధి వీధంతా ఊగిపోయింది. ఆ ఊపులోనే కొనిపించుకున్నాడు. పేరూ నంబరూ కలిపి దాదాపు వంద పౌండ్లు. పేరు వేయించిన బట్ట వాపసు తీసుకోబోమని ఆ కొన్న షాపు వాళ్లు బిల్లు మీదే అచ్చేశారు. మన చొక్కాకి అంత గట్టి షరతు. 2028 దాకా క్లబ్బుతో ఒప్పందం మీద సంతకం పెట్టిన ఇసాక్‌కి మాత్రం ఏ షరతూ అడ్డం రాలేదు.

ఆ వేసవంతా మా ఇంట్లో ఇదే గోల. తొడ పట్టేసిందని ఇసాక్ క్లబ్బుతో ఆసియా టూరుకి వెళ్లలేదు. ఆనక చూస్తే స్పెయిన్‌లో పాత క్లబ్బు రియల్ సోసియెదాద్ మైదానంలో ఒంటరిగా ప్రాక్టీసు చేసుకుంటున్నాడు. ఆగస్టు 1న లివర్‌పూల్ 110 మిలియన్ పౌండ్లు ఇస్తామంటే వీళ్లు కాదన్నారు. ఆగస్టు 19న ఇన్‌స్టాగ్రామ్‌లో, నాకిచ్చిన మాట తప్పారు, ఇక నమ్మకం లేదు అని పెట్టాడు. ఈ వేసవిలో వెళ్లొచ్చని మా వాళ్లెవరూ మాటివ్వలేదని క్లబ్బు ఆ రాత్రే జవాబిచ్చింది. సెప్టెంబరు 1న 125 మిలియన్ పౌండ్లకి లివర్‌పూల్‌కే అమ్మేశారు. బ్రిటన్‌లో ఒక ఆటగాడికి అంత ధర అంతకుముందు ఎవరూ పెట్టలేదు.

ఇలా మొండికేసిన ఆటగాడికి క్లబ్బు వేసే జరిమానా మామూలుగా రెండు వారాల జీతం దాటదు. నేను కేర్ హోంలో చెప్పకుండా రెండు షిఫ్టులు ఎగ్గొడితే మూడోదానికి నా పేరే ఉండదు. ఆ ఆటగాళ్లకేమో ఆడకుండా కూర్చోవడమే బేరం. కూర్చున్న ప్రతి వారం క్లబ్బు చేతిలో సరుకు విలువ పడిపోతుంది, కొనేవాడికి గడువు దగ్గరపడుతుంది. మధ్యలో ఏజెంటుకి తొందరేముంది? ఆ ఇన్‌స్టాగ్రామ్ పోస్టు అభిమానుల కోసం రాసింది కాదని నా అభిప్రాయం. క్లబ్బు వెనక్కి వెళ్లే దారి మూసేయడానికి రాసింది.

సరే, షాపు దగ్గరికొస్తాను. మా నాన్నగారిది తణుకులో టైలరింగ్ షాపు, బట్ట మీద పని ఎవరు చేస్తున్నా నా కళ్లు ఊరుకోవు. కౌంటరు దగ్గరే నిలబడి చూశాను. పెద్దాయన ముందు చొక్కాని లోపలివైపు తిప్పి, కుట్టు దగ్గర వేడిగాలి గన్ను పెట్టి పరీక్షించాడు. ఇది పూర్తి పాలిస్టర్, వేడి కాస్త ఎక్కువైతే బట్ట నిగనిగలాడిపోయి ఇక మామూలవదు. తర్వాత అక్షరం చివర మెత్తబడేదాకా కాచి, పట్టకారుతో మూల పట్టుకుని నెమ్మదిగా లాగాడు. ఐ సాఫీగా వచ్చేసింది. ఎస్ మాత్రం ముక్కలు ముక్కలుగా ఊడింది. కింద మిగిలిన జిగురుని ఏదో ద్రావకంలో ముంచిన గుడ్డతో ఒకే దిక్కుకి తుడిచాడు. అడ్డదిడ్డంగా రుద్దితే పోగులు లేచిపోతాయి, ఆ సంగతి తెలిసిన చెయ్యి.

అయినా ఆనవాలు మిగిలింది. వెలుతురు పక్కనుంచి పడితే ఇసాక్ అని చదవొచ్చు. అది వాళ్ల తప్పనను, ఎండా ఉతుకూ తగలని చోట బట్ట రంగు అలాగే ఉండిపోతుంది. కాకపోతే ఆ మాట పని మొదలెట్టక ముందే చెప్పాలి. అడిగితేగానీ చెప్పలేదు. దానికి ఒక మార్కు కోత.

కొత్త పేరు ఏం వేయాలన్నది పెద్ద పంచాయితీ అయింది. మావాడికి కొత్తగా వచ్చిన జర్మన్ కుర్రాడు వోల్టెమాడె కావాలి. తొమ్మిది అక్షరాలు! పైగా రేపు అతనికెక్కడినుంచి కబురొస్తుందో. నేను డాన్ బర్న్ అన్నాను. పక్కనున్న బ్లైత్ ఊరివాడు, చిన్నప్పుడు ఇదే క్లబ్బు వద్దని పంపించేస్తే ఎక్కడెక్కడో ఆడి తిరిగొచ్చాడు. వెంబ్లీలో మొదటి గోలు తలతో కొట్టింది కూడా అతనే. మావాడు కాసేపు మూతి ముడిచి ఒప్పుకున్నాడు. ఇంగ్లిష్‌లో బర్న్‌కీ నాలుగక్షరాలే, పాత జాడ మీద సరిగ్గా కూర్చుంటుందనుకున్నాం. చాలావరకు కూర్చుంది. యూ మధ్యలో ఖాళీ ఉంటుంది కదా, అందులోంచి ఎస్ వంపు కనిపిస్తోంది. 14 మీద 33 మాత్రం బాగా కప్పేసింది.

మిషను కిందికి దించి ఆగిన ఆ కాసేపట్లో పెద్దాయన, ఇన్నేళ్లలో షియరర్ పేరు తీయమని ఒక్కరూ రాలేదమ్మా అన్నాడు. నిజానికి ఆయనన్నది 'పెట్' అని, ఈ ఊళ్లో అందర్నీ అలాగే పిలుస్తారు. ఈ క్లబ్బుకి 206 గోల్స్ కొట్టి ఇక్కడే ఆట చాలించిన మనిషి పేరు ఎవరు పీకించుకుంటారు? మరి కొత్త ఆటగాడు వీసా పేరు వేయమని వస్తున్నారా అనడిగితే నవ్వేసి ఊరుకున్నాడు. ఇసాక్‌ని అమ్మిన రోజే మనవాళ్లు బ్రెంట్‌ఫర్డ్ క్లబ్బు నుంచి కొన్న వీసా కూడా అదే దారిలో వచ్చాడు మరి. పోర్చుగల్‌లో ఆ క్లబ్బు పెట్టిన ప్రాక్టీసు క్యాంపు వదిలి వెళ్లిపోవడం, నన్ను పోనివ్వట్లేదని ఇన్‌స్టాగ్రామ్‌లో రాయడం, అన్నీ అవే. మనకొస్తే ముద్దు, మననుంచి పోతే ద్రోహం. ఇసాక్‌ని తిట్టేటప్పుడు నేను ఈ సంగతి మావాడికి గుర్తుచేస్తుంటాను, వాడికి నచ్చదు.

అక్షరాలు పీకినందుకు 10 పౌండ్లు, కొత్తవి వేసినందుకు 18. రేట్ల బోర్డు గోడ మీద లేదు, ముందే అడగండి. ద్రావకం వాసన ఒక ఉతుకుకి పోలేదు, రెండోదానికి పోయింది. కొత్త అక్షరాల అంచులు ఇప్పటిదాకా లేవలేదు, తిరగేసి చల్లనీళ్లలో ఉతుకుతున్నాను, డ్రయ్యర్‌లో వేయట్లేదు. 5కి 4 ఇస్తాను. ఇంటి దగ్గర మ్యాచ్ ఉన్న శనివారం మాత్రం వెళ్లకండి, వరస రోడ్డు దాకా ఉంటుంది.