“కిడ్స్ 3-ఇన్-1” బేకింగ్, కుట్టు, క్రాఫ్ట్ బాక్స్ కొంటున్నారా? కాస్త ఆగండి

వేసవి సెలవులు దగ్గరపడేసరికి ఇన్‌స్టాలో ఈ పెట్టె వీడియోలు ఎక్కువయ్యాయి. ఒక అరలో కప్‌కేక్ సామాను, ఇంకో అరలో బుల్లి కుట్టుమిషను, మధ్యలో జిగురు, పూసలు, ఫెల్ట్ గుడ్డ, మెరుపులు. “ఫోన్ పక్కన పెట్టించండి, పిల్లల చేతికి పని చెప్పండి” అని ఒకమ్మాయి ముద్దుముద్దుగా చెబుతుంది. మా పాపకు ఐదేళ్లు. పిండి పిసకడం, కత్తిరించడం, అతికించడం అంటే దానికి అన్నం కూడా అక్కర్లేదు. రూ.1,499 పెట్టి తెప్పించాను. మీరు మాత్రం తెప్పించకండి.

పేజీ పేరు రాయడం లేదు. రాసినా పెద్దగా ఉపయోగం ఉండదు. ఇవే ఫొటోలు, ఇవే వీడియోలు పెట్టుకుని వేరే వేరే పేర్లతో చాలా పేజీలు ఇదే అమ్ముతున్నాయి. ఈ రోజు ఒక పేరు మూసేస్తే రేపు ఇంకో పేరు. అందుకే పెట్టెలో ఏముందో చెబుతాను, చూడగానే మీరే గుర్తుపడతారు.

ముందుగా బేకింగ్ అర. కప్‌కేక్ ప్రీమిక్స్ ప్యాకెట్, కాగితం కప్పులు, సిలికాన్ అచ్చులు, చుక్కలుగా వేసుకునే రంగు సీసాలు, “గోల్డ్ మ్యాజిక్ డస్ట్” అని ఒక డబ్బీ. నన్ను భయపెట్టింది ఆ డబ్బీయే. బొటనవేలంత ఉంటుంది. మూత మీద కిరీటం బొమ్మ, కింద “నాన్ టాక్సిక్” అని ఇంగ్లిషులో రెండు ముక్కలు. అంతే. దేనితో చేశారో లేదు, ఎవరు చేశారో లేదు, ఎక్స్‌పైరీ లేదు, పచ్చ చుక్క లేదు. పెట్టెలో పెట్టిన రంగుల కాగితం మీద మాత్రం “కేక్ చల్లారాక పైన చల్లుకోండి” అని రాసి, పక్కన మూతి నిండా బంగారం పూసుకుని నవ్వుతున్న పాప ఫొటో.

కేక్ సంగతి పక్కన పెట్టి, గాజుగ్లాసులో వేడినీళ్లు పోసి చిటికెడు వేసి చూశాను. పంచదార, తినే బంకలతో చేసిన మెరుపులైతే మెల్లగా కరిగిపోతాయి. ఇది కొంత పైన తేలింది, కొంత అడుగుకు దిగింది, పొద్దున లేచి చూసినా అలాగే ఉంది. వేళ్ల మధ్య నలిపితే గరుకుగా తగిలింది. గోళ్ల సందుల్లో దూరింది సబ్బుతో కడిగినా ఒక పట్టాన రాలేదు. గ్రీటింగ్ కార్డుల మీద అతికించే మెరుపుకీ దీనికీ నాకు తేడా కనిపించలేదు. అయితే ఈ నీళ్ల పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోకండి. మైకాతో (అభ్రకం) చేసే, తినడానికి పనికొచ్చే మెరుపు పొడులు కూడా నీళ్లలో కరగవు. కరిగేదంతా మంచిదనీ లేదు. నమ్మాల్సింది లేబుల్‌నే. లేబుల్ లేదంటే అది నోట్లోకి పోకూడదు.

ఇది ఊరికే హడావుడి చేయడం కాదు. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక పుట్టినరోజు కేక్ తిన్న ఆరుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు అయ్యాయి. కేక్ మీద వేసిన రోజ్ గోల్డ్ పొడిలో రాగి ఎక్కువగా ఉందని తేలింది. ఆ మరుసటి ఏడాది మిస్సోరిలో ఏడాది పిల్ల రక్తంలో సీసం పెరిగింది. కారణం వెతికితే తన పుట్టినరోజు కేక్ మీద అలంకరణకు వాడిన పొడి. అందులో పావు వంతు సీసమే! ఈ రెండు సంఘటనలనూ కలిపి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో నివేదిక ఇచ్చింది. “నాన్ టాక్సిక్” అని ఉన్నా, “అలంకరణకు మాత్రమే” అని ఉన్నా అది తిండిలో వేసేది కాదని అందులో స్పష్టంగా ఉంది. క్రేయాన్ మీద కూడా నాన్ టాక్సిక్ అనే ఉంటుంది కదా, దాన్ని తురిమి కేక్ మీద చల్లుతామా?

రంగు సీసాలదీ అదే తీరు. “రెడ్”, “పింక్”, “బ్లూ” అని ఉంది తప్ప ఏ రంగో పేరు లేదు. మన దేశంలో తిండిలో వాడటానికి ఒప్పుకున్న సింథటిక్ రంగులు ఎనిమిదే. టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో, కార్మోయిసిన్, బ్రిలియంట్ బ్లూ, ఇలాంటివి. మంచి కంపెనీ సీసా మీద ఈ పేరో, దాని ఐఎన్‌ఎస్ నంబరో (తిండిలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు) కచ్చితంగా ఉంటుంది. పింక్ అంటే నాకు ఇంకాస్త భయం. 2024లో పీచుమిఠాయిలో బట్టలకు వేసే రోడమిన్-బి దొరికిందని తమిళనాడు, ఆ వెంటనే కర్ణాటక కఠినంగా వ్యవహరించిన సంగతి గుర్తుండే ఉంటుంది.

ఇక ప్రీమిక్స్ ప్యాకెట్. దీని మీద మాత్రం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రత సంస్థ) లోగో, నంబరు రెండూ ఉన్నాయి. “అమ్మయ్య” అనుకుని అంకెలు లెక్కపెడితే పదమూడు. అసలు నంబరుకు 14 అంకెలు ఉండాలి. లైసెన్స్ అయితే 1తో, రిజిస్ట్రేషన్ అయితే 2తో మొదలవుతుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫాస్కోస్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో, ఇంకా అమల్లో ఉందో లేదో వచ్చేస్తుంది. ఇంట్లో కేకులు చేసి అమ్మే అక్కలకు కూడా ఈ రిజిస్ట్రేషన్ ఉండాలి. మీకు తెలిసిన హోమ్ బేకర్ ఉంటే అడగడానికి మొహమాటపడకండి. సరిగ్గా చేసేవాళ్లు గర్వంగా చూపిస్తారు.

కుట్టు అర సంగతి వేరే. అందులో ఉన్నది స్టేప్లర్ లాగా చేత్తో పట్టుకుని నొక్కే బుల్లి మిషను, నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. వీడియోలో పిల్ల టకటకా గౌను కుట్టేస్తుంది. వాస్తవం ఏమిటంటే, దీనికి కింద బాబిన్ (రెండో దారం చుట్టే బుల్లి చక్రం) ఉండదు. ఒక్క దారంతో గొలుసు కుట్టు వేస్తుంది. చివర ముడి వేయకుండా ఆ దారం కొస పట్టి లాగితే కుట్టంతా సర్రున ఊడి వచ్చేస్తుంది. మా కింది పోర్షన్‌లో ఉండే టైలర్ అక్కకు చూపిస్తే, రెండు పొరల గుడ్డ పెట్టి కుట్టి, అలా లాగి చూపించి, “ఇది పెద్దవాళ్లు అర్జెంటుగా కర్టెన్ అంచు పట్టించుకోవడానికమ్మా, పిల్లలకెవరిచ్చారు?” అంది. సూదికి అడ్డు లేదు. మీట నొక్కితే చాలు, వేలుందో గుడ్డుందో దానికి తెలియదు. పైగా తాళం లేదు కాబట్టి సంచిలో పెట్టినా మీట నొక్కుకుంటే నడుస్తుంది. మిషను లోపలి అట్ట మీద చిన్న అక్షరాల్లో “పిల్లలకు దూరంగా ఉంచండి” అని ఉంది. బయటి పెట్టె మీద పెద్ద గుండ్రంలో “4+”!

కాటన్ ముక్కలని రాసిన గుడ్డ పాలియెస్టర్. ఒక పోగు తీసి కాలిస్తే కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. ఇది కరిగి గట్టి నల్లపూసలా అయింది. (పిల్లలు లేనప్పుడు, సింక్ దగ్గర చేయండి.) డబ్బు నష్టమే తప్ప ప్రమాదం లేదు కాబట్టి వదిలేశాను.

వదలకూడనిది ఇంకోటుంది. క్రాఫ్ట్ అరలో ఫెల్ట్‌తో చేసే “వెలిగే నక్షత్రం” లాకెట్ ఉంది. దాని వెనక బటన్ సెల్, వాచీలో వేసేదాని లాంటిదే, కాస్త పెద్దది. మూతకు స్క్రూ లేదు, గోటితో తీస్తే వచ్చేసింది. విడిగా ఇంకో రెండు సెల్స్ కవర్లో పూసలతో కలిపి పెట్టారు. పిల్లలు దీన్ని మింగితే గొంతులో ఇరుక్కుని, తడి తగిలి కరెంటు పారి, రెండు గంటల్లోనే లోపల కాలిపోయేంత గాయం చేయగలదు. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించాలని చూడకుండా, ఇంట్లో గమనిస్తూ కూర్చోకుండా, నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. పిల్లల బొమ్మల్లో బటన్ సెల్ అరకు పనిముట్టు ఉంటేనే తెరుచుకునే మూత ఉండాలన్నది ప్రమాణం.

ఆ ప్రమాణం పేరు చెప్పుకోవాలి. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. సెల్స్‌తో నడవని వాటికి ఐఎస్ 9873, కరెంటు లేదా సెల్స్‌తో నడిచేవాటికి ఐఎస్ 15644. ముద్ర కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే నంబరు ఉంటుంది, అది ఈ ముద్ర ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. మన ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ బొమ్మల మీద ఈ ముద్ర లేదని కంగారు పడకండి. జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు) ఉన్నవాటికి, రిజిస్టరయిన చేతివృత్తులవాళ్లు చేసేవాటికి మినహాయింపు ఉంది. నేను చెప్పేది ఎక్కడి నుంచో దిగి, ఎవరు తయారు చేశారో తెలియకుండా వచ్చే ప్లాస్టిక్ సరుకు గురించి.

ఇప్పుడు అసలు తమాషా. అమ్మినవాళ్లకు మెసేజ్ పెట్టాను. మెరుపు పొడికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరేదని అడిగితే, “అది క్రాఫ్ట్ ఐటమ్ మేడమ్, ఫుడ్ కాదు.” సరే, మరి లాకెట్‌కు ఐఎస్‌ఐ ముద్ర ఏదంటే, “అది టాయ్ కాదు డియర్, యాక్టివిటీ కిట్.” సరే, డబ్బులు వెనక్కివ్వండి అంటే, “ఇది గిఫ్ట్ హ్యాంపర్ సిస్, హ్యాంపర్స్‌కి నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్.” తర్వాత, “అన్‌బాక్సింగ్ వీడియో ఉందా?” మేడమ్, డియర్, సిస్ అన్నీ అయ్యాయి, ఒక్క సమాధానం రాలేదు. మూడింటినీ ఒక పెట్టెలో వేయడంలో సౌకర్యం ఇదే. తిండి గురించి అడిగితే బొమ్మ అవుతుంది, బొమ్మ గురించి అడిగితే గిఫ్ట్ అవుతుంది. చివరికి ఏ నిబంధనా అంటని పెట్టె మన వంటింటి గట్టు మీద ఉంటుంది. పెట్టె బయట తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల-సంవత్సరం, ఎంఆర్‌పీ, ఫిర్యాదుల ఫోన్ నంబరు కూడా లేవు. ప్యాక్ చేసి అమ్మే ఏ సరుకు మీదయినా ఇవి ఉండాల్సిందే.

“నో రిటర్న్” అని వాళ్లు రాసుకున్నంత మాత్రాన చట్టం మారదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపం ఉన్న సరుకును, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనని ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు అనకూడదు. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు తీసుకోవాల్సిందేనని 2019 వినియోగదారుల చట్టం చెబుతోంది. అన్‌బాక్సింగ్ వీడియో ఉంటే మంచిదే, మన చేతిలో సాక్ష్యం. కానీ అది లేదన్న ఒక్క సాకుతో మన హక్కు పోదు.

నేను 1915కు ఫోన్ చేశాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఆ నంబరు స్క్రీన్‌షాట్ పేజీవాళ్లకు పంపిన తర్వాత స్వరం మారింది. సగం డబ్బులిస్తాం, కామెంట్ డిలీట్ చేయండి అన్నారు. ఒప్పుకోలేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వేస్తాను. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. డబ్బులు కట్టాక పెట్టే రాకుండా బ్లాక్ చేసినవాళ్లయితే అది మోసం కిందికి వస్తుంది, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు చెప్పండి.

మరి పాప ఏం చేసిందని అడుగుతారేమో. విజయవాడ వన్‌టౌన్‌లో మ్యాటీ గుడ్డ (గళ్లుగళ్లుగా ఉండే ఎంబ్రాయిడరీ గుడ్డ), పెద్ద కన్నున్న ప్లాస్టిక్ సూది, ఉలెన్ దారం తెచ్చాను. ఆ పెట్టె ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. రన్నింగ్ కుట్టు వంకరటింకరగా వేసి “ఇది పాము” అని అత్తయ్యకు ఇచ్చింది. కేక్ కుక్కర్‌లో చేశాం. బీట్‌రూట్ రసం పిండిలో కలిపితే వేడికి రంగు చచ్చి గోధుమరంగుకు తిరుగుతుంది కాబట్టి పైన క్రీమ్‌లో కలిపాను. మెరుపులు లేవని కాసేపు అలిగింది, తర్వాత క్రీమ్ గిన్నె దొరికాక మర్చిపోయింది.

ఇప్పటికే ఈ పెట్టె కొన్నవాళ్లు ముందు బటన్ సెల్స్ లెక్క చూసుకుని, ప్రతి సెల్‌కూ రెండు వైపులా టేపు చుట్టి, పిల్లలకు అందనిచోట పెట్టండి. కోపంలో పెట్టె పారేయకండి. డబ్బీలు, ప్యాకెట్లు, లోపలి కాగితం అన్నిటికీ నాలుగు వైపులా ఫొటోలు తీసి, యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లతో కలిపి దాచండి. వాళ్లు పోస్టులు తీసేస్తారు కాబట్టి ఆ వీడియో కూడా ఇప్పుడే సేవ్ చేసుకోండి. 1915 వాళ్లు మొదట అడిగేవి ఇవే.